పదకొండు మంది ఇచ్చిన టికెట్

2009 నవంబరు 3న ఉత్తర న్యూయార్క్ ఓటర్ల ముందుకొచ్చిన బ్యాలెట్‌లో కాంగ్రెస్ సీటుకి పోటీదారులు ముగ్గురే, పేర్లు మాత్రం ఐదు చోట్ల ఉన్నాయి. మొదటి వరస డెమోక్రాట్లది, అక్కడ బిల్ ఓవెన్స్. రెండోది రిపబ్లికన్లది, అక్కడ డీడీ స్కోజఫావా. మూడోది ఇండిపెండెన్స్ పార్టీది, మళ్ళీ స్కోజఫావాయే. నాలుగోది కన్జర్వేటివ్ పార్టీది, అక్కడ డగ్ హాఫ్‌మన్. ఐదోది వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీది, మళ్ళీ ఓవెన్సే. ఇందులో రెండు చోట్ల పేరున్న స్కోజఫావా అప్పటికి మూడు రోజుల ముందే పోటీలోంచి తప్పుకున్నారు. తప్పుకుని ఊరుకోలేదు, అవతలి పార్టీ అభ్యర్థికి ఓటెయ్యమన్నారు.

నేనప్పుడు పాట్స్‌డామ్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. సెయింట్ లారెన్స్ కౌంటీలో చిన్న కాలేజీ ఊరు అది, దాటితే కెనడా సరిహద్దు ఎంతో దూరం ఉండదు. చేతిలో గ్రీన్‌కార్డే కాబట్టి నాకు ఓటు లేదు. కానీ చెవులున్నాయి. మందులకి చీటీ ఇచ్చి, సీసా చేతికొచ్చేదాకా కౌంటర్ దగ్గర నిలబడే పాడి రైతులు, జైలు ఉద్యోగులు, ఫోర్ట్ డ్రమ్ సైనికుల భార్యలు ఆ అక్టోబరులో మాట్లాడుకున్నదంతా ఈ ఎన్నిక గురించే.

సీటు ఖాళీ అయిన తీరు మామూలుదే. జాన్ మెక్‌హ్యూ అనే రిపబ్లికన్ 1993 నుంచీ ఆ నియోజకవర్గానికి ప్రతినిధి. 2008లో కూడా నూటికి అరవై అయిదు ఓట్లు తెచ్చుకున్న మనిషి. ఆయన పరిధిలోనే ఫోర్ట్ డ్రమ్ ఉంది, పదో మౌంటెన్ డివిజన్ ఉండేది అక్కడే. సైనిక వ్యవహారాల కమిటీలో ఆయన తన పార్టీ తరఫున ముందు వరస సభ్యుడు. 2009 జూన్‌లో ఒబామా ఆయన్ని సైనిక దళ కార్యదర్శిగా ప్రతిపాదించారు. అవతలి పార్టీ వాణ్ణి గౌరవంగా పిలిచి పదవి ఇస్తే ఆ సీటూ ఖాళీ అవుతుందని ఒబామా మనుషులకు తెలియదనుకోవడం కష్టం. సెనేట్ ఆమోదం వచ్చాక సెప్టెంబరులో మెక్‌హ్యూ రాజీనామా చేశారు.

అమెరికాలో సెనేట్ సీటు ఖాళీ అయితే చాలా రాష్ట్రాల్లో గవర్నరు తాత్కాలికంగా ఎవరినో ఒకర్ని నియమించొచ్చు. ప్రతినిధుల సభకు ఆ వీలు లేదు. రాజ్యాంగం మొదటి అధికరణలోనే ఉంది, ఖాళీ వస్తే గవర్నరు ఎన్నికకి ఆదేశాలివ్వాలి, అంతే. ఎన్నిక ఎలా జరపాలన్నది మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకుంటుంది. జార్జియాలో అన్ని పార్టీల వాళ్ళూ ఒకే బ్యాలెట్ మీద పోటీ పడతారు, ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ పెడతారు. 2017లో జాన్ ఆసోఫ్ తొలి విడతలో 48 శాతం తెచ్చుకుని కూడా రెండో విడతలో కేరెన్ హాండెల్ చేతిలో ఓడింది అందుకే. న్యూయార్క్‌లో ఆ రెండో విడత లేదు. అంతకన్నా పెద్ద సంగతి, ఉప ఎన్నికకి ప్రైమరీ కూడా లేదు. మామూలు ఎన్నికలైతే రిపబ్లికన్ అభ్యర్థి ఎవరో రిపబ్లికన్ ఓటర్లే ముందుగా ఓటేసి తేలుస్తారు. ఉప ఎన్నికలో ఆ పని కౌంటీల పార్టీ అధ్యక్షులది. మా నియోజకవర్గం పదకొండు కౌంటీల్లో పరుచుకుని ఉండేది. అంటే పదకొండు మంది.

తెనాలి నుంచి మా బాబాయి ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. పాతికేళ్ళు ఒక పార్టీ జెండా మోసిన మనిషి. ఆయనకి ఒబామా ఆరోగ్య పథకం గురించి గాని, ఆర్థిక మాంద్యం గురించి గాని పట్టింపు లేదు.

"టికెట్ ఎవరిచ్చారమ్మా?" అన్నాడు.

"పదకొండు మంది జిల్లా అధ్యక్షులు కూర్చుని ఇచ్చారు బాబాయ్."

"కార్యకర్తల్ని అడిగారా?"

"లేదు."

"అయితే రెబల్ ఉంటాడు చూడు."

ఉన్నాడు. డగ్ హాఫ్‌మన్ సారనాక్ లేక్‌లో పుట్టి పెరిగిన అకౌంటెంటు. పదకొండు మంది ముందు తనూ వెళ్ళి టికెట్ అడిగాడు, ఇవ్వలేదు. జులైలో వాళ్ళు ఎంచుకున్నది గవర్నూర్‌కి చెందిన డీడీ స్కోజఫావాని. ఆమె ఆ ఊరికి మేయరుగా చేశారు, రాష్ట్ర అసెంబ్లీలో పదేళ్ళుగా సభ్యురాలు. గెలిచే మనిషిని చూసి ఇచ్చామన్నారు అధ్యక్షులు. తుపాకుల విషయంలో ఆమె రికార్డు ఏ రిపబ్లికన్‌కీ అభ్యంతరం లేనిదే. కానీ గర్భస్రావం హక్కుకి మద్దతిస్తారు, స్వలింగ వివాహాలకు అనుకూలంగా అసెంబ్లీలో ఓటేశారు, యూనియన్లతో సఖ్యంగా ఉంటారు. ప్రైమరీ పెట్టి ఉంటే ఈ విషయాలన్నీ ఆగస్టులోనే బయట చర్చకి వచ్చేవి, ఆమె నెగ్గేవారో ఓడేవారో తేలిపోయేది. ఒకవేళ నెగ్గితే ఆ గెలుపు చూపించి వాదించగలిగేవారు. ఆమె చేతిలో ఉన్నదల్లా పదకొండు మంది నిర్ణయం.

మన దగ్గర బీ-ఫారం దక్కని మనిషి ఇండిపెండెంటుగా నిలబడి ఏ కుండో ఫ్యానో గుర్తు తెచ్చుకుంటాడు. న్యూయార్క్‌లో అంతకన్నా మంచి దారి ఉంది. ఆ రాష్ట్రంలో చిన్న పార్టీలకి ఒక హక్కుంది, పెద్ద పార్టీ అభ్యర్థినే తమ అభ్యర్థిగా కూడా ప్రకటించొచ్చు. ఆయన పేరు రెండు వరసల్లోనూ అచ్చవుతుంది, ఏ వరసలో పడిన ఓటైనా కలిపి లెక్కేస్తారు. బ్యాలెట్‌లో ముగ్గురి పేర్లు ఐదు చోట్లకి వచ్చింది ఇలాగే. గవర్నరు ఎన్నికలో కనీసం 50 వేల ఓట్లు తెచ్చుకున్న పార్టీకి నాలుగేళ్ళ పాటు ఆ వరస ఖాయం, వరసల క్రమం కూడా ఆ ఓట్లను బట్టే. అప్పటి నియమం అది, ఆ తర్వాత ఇంకా బిగించారు. దీనివల్ల చిన్న పార్టీలకి తమ బలానికి మించిన బేరం దొరుకుతుంది. 1962లో పుట్టిన కన్జర్వేటివ్ పార్టీ పని అదే. రిపబ్లికన్లు మెత్తబడుతున్నారనిపించినప్పుడు తన వరస ఇవ్వనని బెదిరించడం, అవసరమైతే సొంత మనిషిని నిలబెట్టడం. ఆ పార్టీ అధ్యక్షుడు మైక్ లాంగ్ స్కోజఫావాకి ససేమిరా అని, నాలుగో వరస హాఫ్‌మన్‌కి ఇచ్చేశాడు.

డెమోక్రాట్లు తమ వంతు నిశ్శబ్దంగా కానిచ్చేశారు. బిల్ ఓవెన్స్ ప్లాట్స్‌బర్గ్ లాయరు, ఒకప్పుడు వైమానిక దళంలో పనిచేశారు, అక్కడి ఎయిర్‌ఫోర్స్ బేస్ మూతపడ్డాక ఆ స్థలాన్ని మళ్ళీ ఉపాధికి పనికొచ్చేలా చేయడంలో పాలుపంచుకున్నారు. అప్పటిదాకా ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోలేదు. సభలో గట్టిగా మాట్లాడలేరు, టీవీలో చప్పగా ఉంటారు. మా షాపుకొచ్చే వాళ్ళలో ఓవెన్స్ గురించి తిట్టేవాళ్ళూ లేరు, పొగిడేవాళ్ళూ లేరు. ఆ ఎన్నికలో అదే ఆయన అదృష్టం అనిపించేది నాకు.

అక్టోబరు 1న సియెనా కాలేజీ సర్వేలో స్కోజఫావాకి 35, ఓవెన్స్‌కి 28, హాఫ్‌మన్‌కి 16. రెండు వారాలు గడిచేసరికి ఓవెన్స్ 33, స్కోజఫావా 29, హాఫ్‌మన్ 23. ఆ రెండో సర్వే వచ్చాక బయటివాళ్ళ జోరు పెరిగింది.

మద్దతు ప్రకటన అనే పని పైకి చాలా తేలిక, ఒక్క వాక్యం చాలు. అక్టోబరు 22న అలాస్కాకి చెందిన సారా పేలిన్ ఫేస్‌బుక్‌లో హాఫ్‌మన్‌కి మద్దతు రాశారు. అంతకు ముందు ఏడాదే రిపబ్లికన్ల తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన ఆమె, తన పార్టీ అధికారిక అభ్యర్థిని పక్కనబెట్టి ఇంకో పార్టీ వరసలో ఉన్న మనిషికి ఓటెయ్యమన్నారు. నాలుగు రోజుల్లో మిన్నెసోటా గవర్నరు టిమ్ పాలెంటీ అదే మాట అన్నారు. ఫ్రెడ్ థాంప్సన్, స్టీవ్ ఫోర్బ్స్, రిక్ శాంటోరమ్, క్లబ్ ఫర్ గ్రోత్ సంస్థ, వీళ్ళంతా హాఫ్‌మన్ వైపే. వీళ్ళలో కొందరికి 2012 అధ్యక్ష ఎన్నిక కళ్ళముందుంది. అధ్యక్ష అభ్యర్థి ఎంపిక మొదలయ్యే అయోవాలో ఓటేసే సంప్రదాయవాద రిపబ్లికన్లకి తామెవరో చెప్పుకోడానికి ఉత్తర న్యూయార్క్ ఒక వేదిక దొరికింది. హాఫ్‌మన్‌ని చూసి ఇచ్చిన మద్దతులు కావవి, ఆయన భుజం మీద నుంచి అవతలికి చూస్తూ ఇచ్చినవి.

ఎదురుగా న్యూట్ గింగ్రిచ్ నిలబడ్డారు. 1994లో రిపబ్లికన్లకి సభలో మెజారిటీ తెచ్చిపెట్టిన నాయకుడు. స్థానిక నాయకులు ఎంచుకున్న అభ్యర్థిని మనం గౌరవించాలి, అన్ని విషయాల్లో మనతో ఏకీభవించేవాళ్ళే కావాలంటే మెజారిటీ ఎప్పటికీ రాదు అన్నది ఆయన వాదన. తర్కం బాగానే ఉంది. కానీ ఆ స్థానిక నాయకుల సంఖ్య పదకొండు అని అవతలివాళ్ళు వేలు చూపించగానే ఆ వాదన పలచబడేది. పార్టీ జాతీయ కమిటీలు స్కోజఫావా మీద దాదాపు తొమ్మిది లక్షల డాలర్లు పెట్టాయి. టీవీ పెడితే ఎవరినో ఒకరిని తిట్టే ప్రకటనలే. ఒకటి ఆమె అతివాద ఉదారవాది అంటుంది, ఇంకోటి హాఫ్‌మన్ మిలియనీర్ అంటుంది, మధ్యలో ఓవెన్స్ పిల్లల ఫోటోలతో నవ్వుతూ వెళ్ళిపోతారు.

ఈ మొత్తం కథలో నేను ఎక్కువసార్లు చెప్పుకునేది వాటర్‌టౌన్ డైలీ టైమ్స్ ఆఫీసులో జరిగిన సమావేశం. అక్కడి పత్రికలు ఎన్నికల ముందు ప్రతి అభ్యర్థినీ పిలిచి సంపాదక మండలి ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాయి, తర్వాత ఫలానావాళ్ళకి మా మద్దతు అని సంపాదకీయం రాస్తాయి. హాఫ్‌మన్ వెళ్ళినప్పుడు వెంట డిక్ ఆర్మీ ఉన్నారు. టెక్సస్ మనిషి, ఒకప్పుడు సభలో రిపబ్లికన్ల నాయకుడు. సంపాదకులు అడిగినవన్నీ ఊరి సంగతులు. సెయింట్ లారెన్స్ జలమార్గంలో శీతాకాలం కూడా ఓడలు నడపాలా? వాటర్‌టౌన్ నుంచి ప్లాట్స్‌బర్గ్ దాకా వేస్తామని ఏళ్ళ తరబడి అంటున్న "రూఫ్‌టాప్ హైవే" సంగతేమిటి?

ఈ రోడ్డు గురించి కాస్త చెప్పాలి. వాటర్‌టౌన్ నుంచి ప్లాట్స్‌బర్గ్‌కి పోవాలంటే రూట్ 11 పట్టుకుని గవర్నూర్, కాంటన్, పాట్స్‌డామ్, మలోన్ మీదుగా, ఒకటే లేను, పాల ట్యాంకరు వెనకాల, మూడు గంటల పైనే. జనవరిలో మంచు పడితే చెప్పక్కర్లేదు. మస్సీనాలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఆ ఏడాదే మూతపడింది. రోడ్డుంటే ఉండేదేమో అని మా షాపులో కనీసం రోజుకొకరు అనేవారు. అలాంటి ప్రశ్నకి హాఫ్‌మన్ తడబడ్డారు. ఏం అడగబోతున్నారో ముందే చెప్పాల్సింది అన్నారు. ఆ ప్రశ్నలు అదే రోజు ఉదయం పేపర్లో వేశామని సంపాదకులు గుర్తుచేశారు. ఆర్మీగారు కల్పించుకుని ఇవన్నీ ఈ ప్రాంతానికే పరిమితమైన విషయాలు, ఎన్నికని తేల్చేవి కావు అన్నారు. పత్రిక ఆ సంభాషణని సంపాదకీయంగా రాసేసింది. మా ప్రతినిధికి తెలియాల్సినవే ఇవి కదా అన్నది దాని సారాంశం. హాఫ్‌మన్ ఇల్లు లేక్ ప్లాసిడ్‌లో, నియోజకవర్గం హద్దుకి కాస్త అవతల. అమెరికా చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో ఉంటే చాలు, ఇబ్బందేం లేదు. కానీ సంపాదకీయం వచ్చాక ఆ హద్దు చిన్నగా కనిపించడం మానేసింది. ఒక పాడి రైతు బీపీ మాత్రలు తీసుకుంటూ, "అలాస్కాకి ఈయన తెలుసు, ఈయనకి రూట్ 11 తెలీదు" అన్నాడు. ఆయన జీవితమంతా రిపబ్లికన్లకే ఓటేసిన మనిషి.

అక్టోబరు 31 శనివారం. సియెనా కొత్త సర్వే వచ్చింది: ఓవెన్స్ 36, హాఫ్‌మన్ 35, స్కోజఫావా 20. అదే రోజు ఆమె ప్రచారం ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అప్పటిదాకా ఆమె వెనక నిలబడ్డ పార్టీ జాతీయ కమిటీ కొన్ని గంటల్లో హాఫ్‌మన్‌కి మద్దతు ప్రకటించింది. గింగ్రిచ్ కూడా అంతే. సాయంత్రం పిల్లలు హాలోవీన్ వేషాల్లో తిరుగుతుంటే, మా వీధిలో ఒకాయన పెరట్లోంచి స్కోజఫావా బోర్డు పీకి గరాజ్ గోడకి ఆనించడం చూశాను. దాని స్థానంలో ఇంకోటి పెట్టలేదు.

మర్నాడు ఆదివారం స్కోజఫావా బిల్ ఓవెన్స్‌కి మద్దతు ప్రకటించారు. ఈ నిర్ణయం వెనక డెమోక్రాట్ పెద్దల ఫోన్లు ఉన్నాయని, యూనియన్ల మాట ఉందని పేపర్లు రాశాయి. ఉండే ఉంటాయి. వెన్నుపోటు అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు అర్థమైనంతలో, నెల రోజుల పాటు సొంత పార్టీ పెద్దమనుషుల చేత టీవీలో తిట్టించుకున్న మనిషి సోమవారం వాళ్ళ అభ్యర్థి పక్కన నిలబడి చెయ్యెత్తాలని ఆశించడమే విడ్డూరం. ముందు స్కోజఫావాని బలపరిచిన వాటర్‌టౌన్ పత్రిక కూడా ఓవెన్స్ వైపు మళ్ళింది. సోమవారం ఉపాధ్యక్షుడు జో బైడెన్ వాటర్‌టౌన్ వచ్చి సభ పెట్టారు, తప్పుకున్న ఆమె ఓట్లని నేరుగా అడిగారు.

బ్యాలెట్లు మాత్రం అప్పటికే అచ్చయ్యాయి. ఆమె పేరు రెండు వరసల్లోనూ అలాగే ఉంది. పోస్టులో ఓటేసేవాళ్ళు చాలామంది ఆమె తప్పుకోకముందే వేసి పంపేశారు. చివరికి లెక్క తేలితే ఓవెన్స్‌కి 48 శాతం పైన, హాఫ్‌మన్‌కి దాదాపు 46, పోటీలో లేని స్కోజఫావాకి అయిదారు శాతం మధ్య. ఆమె సొంత సెయింట్ లారెన్స్ కౌంటీలో ఓవెన్స్‌దే పైచేయి. ఆ ప్రాంతంలో కొన్ని చోట్ల డెమోక్రాట్ ప్రతినిధి అన్నమాట వినపడి నూరేళ్ళు దాటింది. ఆ రాత్రి హాఫ్‌మన్ ఓటమి ఒప్పుకున్నారు. తర్వాత కౌంటీలు లెక్క సరిచూసుకుంటే తేడా అయిదు వేల నుంచి మూడు వేలకి తగ్గింది, ఆయన ఒప్పుకోలు వెనక్కి తీసుకున్నారు. నెలాఖరుకి మళ్ళీ ఒప్పుకున్నారు.

ఓవెన్స్ నవంబరు 6న ప్రమాణం చేశారు. మర్నాడు శనివారం సభలో ఆరోగ్య బిల్లు ఓటింగుకి వచ్చింది. నెగ్గడానికి 218 కావాలి, 220 వచ్చాయి. అందులో ఒకటి ఆయనది. స్కోజఫావాని ఓడించిన వాళ్ళు ఏ బిల్లునైతే ఆపాలనుకున్నారో ఆ బిల్లే అది.

ఇంత జరిగాక పాఠం నేర్చుకున్నారా అంటే, 2011 మే నెలలో బఫలో దగ్గర ఖాళీ అయిన ఇంకో కాంగ్రెస్ సీటుకి ఉప ఎన్నిక వచ్చింది. మళ్ళీ ప్రైమరీ లేదు, మళ్ళీ కౌంటీ అధ్యక్షులే, మళ్ళీ మూడో మనిషి. ఈసారి జాక్ డేవిస్ అనే పారిశ్రామికవేత్త టీ పార్టీ పేరుతో వరస సంపాదించి తొమ్మిది శాతం తీసుకున్నాడు. రిపబ్లికన్ జేన్ కార్విన్ ఓడిపోయారు. గెలిచిన డెమోక్రాట్ కాతీ హోకల్ ఇప్పుడు ఆ రాష్ట్రానికి గవర్నరు. అక్కడ డేవిస్ ఒక్కడి వల్లే ఓడిపోయారనడం అన్యాయం, వృద్ధుల మెడికేర్‌ని మార్చాలన్న రిపబ్లికన్ల ప్రణాళిక ముసలివాళ్ళని బాగా భయపెట్టింది. ఆ భయం ఎలా ఉంటుందో మందుల షాపు కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది.

మా దగ్గర 2010లో మామూలు ఎన్నికలొచ్చాయి, ఈసారి ప్రైమరీ ఉంది. రిపబ్లికన్ ఓటర్లు హాఫ్‌మన్‌ని కాదని మాట్ డోహెనీ అనే వాటర్‌టౌన్ ప్రాంతం మనిషిని ఎంచుకున్నారు. హాఫ్‌మన్ కన్జర్వేటివ్ వరసలో కొన్నాళ్ళు కొనసాగి, అక్టోబరు మొదట్లో తప్పుకుని డోహెనీకి ఓటెయ్యమన్నారు. అప్పటికే బ్యాలెట్ ఖరారైపోయింది. పోటీలో లేని హాఫ్‌మన్‌కి ఆరు శాతం దాకా పడ్డాయి, ఓవెన్స్ డోహెనీ మీద ఒక శాతం పైచిలుకు తేడాతో గెలిచి 2014 దాకా సీటు నిలబెట్టుకున్నారు. స్కోజఫావాని 2011లో గవర్నరు ఆండ్రూ క్యూమో, ఆయనా డెమోక్రాటే, స్థానిక ప్రభుత్వాల వ్యవహారాలు చూసే రాష్ట్ర పదవిలో పెట్టారు. ఆ తర్వాత ఎలీస్ స్టెఫానిక్ ఆ సీటుని రిపబ్లికన్లకి తిరిగి తెచ్చారు. 2024 చివర్లో ఆమెని ఐక్యరాజ్యసమితి రాయబారిగా పంపుతారన్నప్పుడు సీటు ఖాళీ కాబోతోందని కౌంటీ అధ్యక్షులు మళ్ళీ ఆశావహుల్ని పిలిచి మాట్లాడటం మొదలుపెట్టారు. సభలో మెజారిటీ మరీ పలచగా ఉందని 2025 మార్చిలో ట్రంప్ ఆమె పేరు వెనక్కి తీసుకున్నారు. ఉప ఎన్నిక జరగలేదు. రూఫ్‌టాప్ హైవే కూడా పడలేదు.